ఖర్చు లేని శుభాకాంక్షలు, ఎవరికీ భారం కాకుండా

స్టాంపు అంటించకుండా డబ్బాలో వేసిన ఉత్తరాన్ని మన పెద్దవాళ్లు బేరింగు ఉత్తరం అనేవాళ్లు. రాసినవాడికి పైసా ఖర్చు ఉండదు. పోస్టుమ్యాన్ వచ్చి అందుకునేవాడి దగ్గర తక్కువ పడ్డ స్టాంపు ఖరీదుకు రెట్టింపు వసూలు చేస్తాడు. లోపల ఏముందో తెలియదు. వద్దందామంటే ఏం కబురో ఏమోనని గుబులు. గతిలేక పంపినవాణ్ని కూడా తరువాత ఎదురుపడ్డప్పుడు ఒక మాట అనకుండా వదిలేవాళ్లు కాదు.

ఇప్పుడు ఫోనులో పండుగ బొమ్మ పంపడానికి స్టాంపు అక్కర్లేదు, పోస్టాఫీసుకు పోవాల్సిన పని లేదు. వచ్చిన బొమ్మను వచ్చినట్టే పదిమందికి తోసేయవచ్చు. ఆ సులువులోనే బేరింగు ఉత్తరం మళ్లీ పుట్టింది. మనకు ఊరికే వచ్చింది అందుకునేవాళ్లకు ఊరికే పోదు. వాళ్ల సమయం, నిద్ర, ఫోనులో జాగా, తిరిగి ఏదో ఒకటి పంపాలన్న మొహమాటం, ఎక్కడో ఒకచోట వాళ్లు కడుతూనే ఉంటారు. 2018లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక ఒక సంగతి రాసింది. భారతదేశంలో ఫోన్లు ఎందుకు నిండిపోతున్నాయని గూగుల్ ఇంజనీర్లు వెతికితే, పొద్దున్నే పూలతో, సూర్యోదయాలతో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మలు పెద్ద కారణంగా తేలాయట. మన దేశంలో స్మార్ట్‌ఫోను వాడే ముగ్గురిలో ఒకరికి రోజూ జాగా అయిపోతోందని, అమెరికాలో ఆ సంఖ్య పదిమందిలో ఒకరేనని ఆ కథనంలో ఉంది. ప్రేమతో పంపిన బొమ్మలే అవన్నీ. ఖర్చు మాత్రం అవతలివాళ్ల ఖాతాలో పడింది.

కాబట్టి ఈ అధ్యాయంలో అడగాల్సిన ప్రశ్న కార్డు ఖరీదు ఎంత అని కాదు. చవక కార్డు పంపడం నామోషీ పని కానేకాదు. అందుకునేవాళ్ల మీద ఏ బరువూ పెట్టకుండా, మన తరఫున ఏదో ఒకటి అందులో కలిపి పంపుతున్నామా అన్నదే చూసుకోవాలి.

అసలు గ్రీటింగ్ కార్డు పుట్టిందే శ్రమ తగ్గించుకోవడానికి. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయనకు క్రిస్మస్‌కు వచ్చిన ఉత్తరాలకు ఒక్కొక్కటిగా జవాబు రాసే తీరిక లేకపోయింది. చిత్రకారుడైన స్నేహితుడితో బొమ్మ వేయించి వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. తాను వాడగా మిగిలినవి ఒక్కోటి షిల్లింగుకు అమ్మకానికి పెట్టారు. అంత తీరిక లేని మనిషి కూడా కార్డు పైన ఎవరికో రాయడానికి, కింద ఎవరి నుంచో రాయడానికి ఖాళీ ఉంచాడు. బొమ్మ అందరికీ ఒకటే అయినా పేర్లు మాత్రం చేత్తో రాయాల్సిందే. ఈ రోజు మనం తోసేసే బొమ్మల్లో మాయమైంది ఆ రెండు ఖాళీలే.

జమ్మి ఆకు నేర్పిన పద్ధతి

పైసా ఖర్చు లేని శుభాకాంక్షకు పద్ధతి ఎలా ఉండాలో లండన్‌ను అడగాల్సిన అవసరం నిజామాబాద్ జిల్లాలోని మన చందూర్ మనిషికి లేదు. దసరా నాడు సాయంత్రం ఊరి పొలిమేరలో జమ్మి చెట్టు దగ్గర ఏం జరుగుతుందో గుర్తు చేసుకుంటే చాలు. పూజ అయ్యాక ఆకు తెంపుకొని వస్తారు. దాన్ని ఆకు అని కూడా అనరు, బంగారం అంటారు. ఆ బంగారాన్ని జేబులో వేసుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. పెద్దవాళ్లు గద్దె మీదో మంచం మీదో కూర్చొని ఉంటారు. చిన్నవాళ్లు వంగి, కుడిచేత్తో వాళ్ల అరచేతిలో ఆకు పెట్టి కాళ్లు మొక్కుతారు. పెద్దవాళ్లు పేరు పెట్టి పిలిచి, ‘మంచిగుండు బిడ్డా’ అని తల మీద చెయ్యి పెడతారు. ఈడువాళ్లయితే ఒకరి చేతిలో ఒకరు పెట్టుకొని అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకుంటారు. ఏడాదంతా గెట్టు పంచాయితీలో మాటల్లేనివాళ్లు కూడా ఆ రోజు ఆకు చేతిలో పెట్టి మాట కలుపుతారు.

ఇందులో ఉన్న మర్యాదలు చూడండి. ఆకుకు ధర లేదు, ఇచ్చేవాడి రాక ఉంది. ఎవరు ఎవరి ఇంటికి పోవాలో తెలుసు: చిన్నవాళ్లే పోతారు, పెద్దవాళ్లను రప్పించరు. ఒకేసారి గుప్పెడు ఆకులు నడి వీధిలో చల్లి ‘ఊరందరికీ దసరా శుభాకాంక్షలు’ అని ఇంటికి పోయేవాడు ఎవడూ ఉండడు. ఒక్కో చేతిలో ఒక్కో ఆకు పెట్టాల్సిందే. తీసుకున్నవాళ్ల మీద బాకీ కూడా ఏమీ మిగలదు. ఆశీర్వాదంతో అక్కడికక్కడే చెల్లు. ఎండిన ఆకు మట్టిలో కలిసిపోతుంది.

కార్డు విషయంలో ఏ సందేహం వచ్చినా జమ్మి ఎలా పెడతామో తలచుకుంటే చాలావాటికి దారి దొరుకుతుంది. మేనత్తకు ఏం పంపాలి? జమ్మి పెట్టడానికి ఆమె ఇంటికే పోయేవాళ్లం కదా, మరి కనీసం పేరు పెట్టి, ఆమె కోసమే రాసిన రెండు వాక్యాలన్నా పంపాలి. ఎప్పుడో ఒకసారి ట్రాక్టరు బాగుచేసిచ్చిన మెకానిక్‌కు పంపవచ్చా? దారిలో కనిపిస్తే అతని చేతిలోనూ జమ్మి పెట్టేవాళ్లమే, నిస్సంకోచంగా పంపండి.

50 పైసల కార్డు

పోస్టుకార్డు మన దేశంలోకి 1879 జులై 1న వచ్చింది. అప్పుడు ధర పావు అణా, ఇప్పుడు 50 పైసలు. పది రూపాయల చాయ్ మానుకుంటే ఇరవై ఇళ్లకు కబురు పంపవచ్చు. ఇంత చవకైన వస్తువు చుట్టూ మన పెద్దవాళ్లు కట్టుకున్న కట్టుబాట్లు ఎంత గట్టివో! శుభవార్త అయితే నాలుగు మూలలకూ పసుపు పెట్టేవాళ్లు. చావు కబురైతే కార్డు మూల చింపేవాళ్లు, దాన్ని చదివాక ఇంట్లో ఉంచకుండా చింపి పారేసేవాళ్లు. చదువు రాని తల్లికి కూడా కార్డు చేతికి రాగానే అందులో ఏముందో సగం తెలిసిపోయేది. అందుకునేవాళ్ల గుండెను కాసేపైనా ఉగ్గబట్టి ఉంచకూడదన్న దయ అందులో ఉంది. ‘అర్జెంటుగా ఫోన్ చెయ్యి’ అని ఒక్క ముక్క పంపి, తీరా చేస్తే ‘హ్యాపీ బర్త్‌డే’ అని నవ్వే అలవాటున్నవాళ్లు ఆ మూల చింపిన కార్డును గుర్తుచేసుకోవాలి. కొడుకు మస్కట్‌లో పనిచేస్తున్న ఇంట్లో అలాంటి మెసేజ్ ఎలా దిగుతుందో ఊహించండి.

పోస్టుకార్డుకు కవరు లేదు. పోస్టుమ్యాన్ చదవవచ్చు, పక్కింటి పిల్లవాడు బిగ్గరగా చదివి వినిపించవచ్చు. కాబట్టి బాకీ సంగతులు, సంబంధం కుదరని సంగతులు, జబ్బు పేర్లు కార్డు మీద రాయరు. ఈ నియమం ఫోనుకూ వర్తిస్తుంది. చాలా ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఒక్కటే ఉంటుంది. పగలు పిల్లల చేతిలో, సాయంత్రం తల్లి చేతిలో, రాత్రి తండ్రి చేతిలో తిరుగుతుంది. మీరు బావకు పంపిన వేళాకోళపు పుట్టినరోజు బొమ్మ ముందుగా అతని ఏడో తరగతి కూతురు చూస్తుంది.

ఇక ఏం రాయాలి? ‘సకల ఐశ్వర్యాలు, ఆయురారోగ్యాలు, సిరిసంపదలు’ అన్న వరస అచ్చు కార్డులో ఎలాగూ ఉంటుంది, దాన్నే మళ్లీ మన చేత్తో రాయడం వృథా. ఆ మనిషికి తప్ప ఇంకొకరికి పనికిరాని ఒక్క వాక్యం చాలు. ఒక ఉదాహరణ రాస్తాను. బోధన్‌లోని నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అనిపించుకుంది. 1930ల చివర మొదలై, 2002లో ప్రైవేటు యాజమాన్యంలోకి పోయి, 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటనతో మూతపడింది. శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఒకే గోడకు అటూ ఇటూ బతికినవాళ్లు తలో ఊరికి చెదిరిపోయారు. అలా విడిపోయిన పాత తోటి కార్మికుడికి ఒకాయన కార్డు రాస్తున్నాడనుకోండి.

‘అన్నా, నమస్తే. నీకు, వదినమ్మకు దసరా శుభాకాంక్షలు. మనుమడు నడుస్తుండా? మావోడు డిగ్రీల చేరిండు. చెరుకు బండ్లు లైను కట్టిన రోజులల్ల నైట్ షిఫ్టుకు నువ్వు తెచ్చిన జొన్నరొట్టె, పచ్చికారం ఇంకా యాదికొస్తది. దివాళి లోపల ఒకసారి వస్త.’

ఇందులో గొప్ప మాట ఒక్కటీ లేదు. కానీ ఈ కార్డు ఇంకొకరి ఇంటికి పోతే ఎవరికీ అర్థం కాదు. అలా ఉంటేనే అది ఆయన కోసం రాసినట్టు. ‘వస్త’ అని రాసినప్పుడు మాత్రం నిజంగా పోయే ఉద్దేశం ఉండాలి. మర్యాద కోసం రాసే ఉత్తుత్తి రాకల వల్ల పెద్ద వయసువాళ్లు గేటు దిక్కు చూస్తూ కూర్చుంటారు.

చిరునామా రాయడం కూడా మర్యాదలో భాగమే, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. చందూర్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి వదిలేస్తే నల్లగొండ జిల్లా చండూరుకు పోయే ప్రమాదం ఉంది, రెండూ ఆ లిపిలో ఒకేలా కనిపిస్తాయి. మహారాష్ట్ర అమరావతి జిల్లాలోనూ చాందూర్ పేరుతో పట్టణాలున్నాయి. పైగా 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాక బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి పోయింది, వర్ని, చందూర్ నిజామాబాద్‌లోనే ఉన్నాయి. ఇంటిపేరుతో సహా పేరు, ఊరు, మండలం, జిల్లా రాసి, ఆరంకెల పిన్‌కోడు వేయాలి. ఒకే పేరున్న ఊళ్లతో వచ్చే ఈ చిక్కు తప్పించడానికే 1972 ఆగస్టు 15 నుంచి దేశంలో పిన్‌కోడు పెట్టారు. మీ పేరు, ఊరు కూడా రాయండి. ‘ఇట్లు, మీ శ్రేయోభిలాషి’ అని వదిలేస్తే ఎవరు రాశారోనని ఇల్లంతా తర్జనభర్జన పడుతుంది.

పండుగ నాటికి అందాలంటే వారం పది రోజుల ముందే డబ్బాలో వేయాలి. ఆలస్యమైతే పండుగ పేరు ఎత్తకుండా మామూలు క్షేమ సమాచారం రాసి పంపవచ్చు, దానికి ముహూర్తం లేదు.

ఎవరికి ఏ పండుగ

చందూర్, వర్ని, రుద్రూర్, కోటగిరి, బోధన్ దారిలో కాసేపు బస్సులో పోతే నాలుగు రకాల క్యాలెండర్లున్న ఊళ్లు దాటుతాం. నిజాంసాగర్ కాలువల కింద భూములు కొనుక్కొని కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల క్యాంపుల్లో సంక్రాంతి పెద్ద పండుగ. ఇక్కడి పాత కాపుల ఇళ్లలో బతుకమ్మ, దసరాలకే ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు. తండాల్లో తీజ్‌కు పెళ్లి కాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకలు పెంచుతారు. బోధన్ వైపు మరాఠీ ఇళ్లలో మన ఉగాది రోజే గుడి పాడ్వా, సంక్రాంతికి నువ్వులు బెల్లం చేతిలో పెట్టి తీయగా మాట్లాడమంటారు. రంజాన్, బక్రీద్, క్రిస్మస్ ఎలాగూ ఉన్నాయి. వర్ని దగ్గరి బడాపహాడ్ దర్గాకు అన్ని మతాలవాళ్లూ కలిసి మొక్కులు తీర్చే ప్రాంతం ఇది.

అందరికీ అన్ని పండుగలకూ పంపాలంటే ఏడాదంతా అదే పని అవుతుంది, ఎవరికీ ఏమీ పంపినట్టూ ఉండదు. ఒక్కో ఇంటికి వాళ్ల పెద్ద పండుగ ఏదో తెలుసుకొని ఆ ఒక్కదానికి పంపండి. క్యాంపులో ఉన్న స్నేహితుడి తండ్రికి సంక్రాంతికి ‘బాబాయ్ గారికి నమస్కారాలు’ అని మొదలుపెట్టి రాసిన కార్డు, దసరాకు గంపగుత్తగా పంపిన బొమ్మకంటే వంద రెట్లు ఆయన మనసుకు పడుతుంది. తన ఇంటి పండుగ ఇంకొకరికి గుర్తుండడంలో ఉన్న సంతోషం ఏ కార్డు ధరలోనూ రాదు. పిలుపు కూడా ఆ ఇంటిదే వాడాలి. ఒక ఇంట్లో చిన్నాయన, కాక అయిన మనిషి ఇంకో ఇంట్లో బాబాయ్ గారు. ముస్లిం స్నేహితుడి తల్లిని మీరు ఎదురుగా అమ్మీ అని పిలుస్తుంటే కార్డులోనూ అమ్మీ అనే రాయండి.

శుభాకాంక్షలు చెప్పకూడని రోజులూ ఉన్నాయి. మొహర్రం నాడు ‘హ్యాపీ మొహర్రం’ అని పంపేవాళ్లున్నారు. కర్బలాలో ఇమామ్ హుసేన్ అమరుడైన రోజును తలచుకొని శోకించే సందర్భం అది. మన ఊళ్లలో పీర్ల పండుగ అని అందరం అలావా అనే నిప్పుల గుండం చుట్టూ తిరుగుతాం కాబట్టి సంబరమే అనుకుంటే పొరపాటు. గుడ్ ఫ్రైడే కూడా అంతే, ఏసు సిలువ ఎక్కిన రోజు. ఆ రోజుల్లో బొమ్మలు పంపకుండా ఊరుకోవడమే గౌరవం.

చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పండుగ చేసుకోరు. ఆ ఇంటికి రంగురంగుల దీపావళి కార్డు పోతే, పంపినవాడికి తమ దుఃఖం గుర్తే లేదని వాళ్లకు అర్థమవుతుంది. గంపగుత్తగా పంపే జాబితాలో ముందుగా తీసేయాల్సిన పేర్లు ఇవే. అలాగని పండుగ రోజున వాళ్లను మరిచిపోనక్కర్లేదు. ‘వదినా, ఈ దసరాకు అన్న లేడని మాకూ కష్టంగనే ఉంది. మీరు, పిల్లలు మా మతిల ఉన్నరు’ అని తెల్ల కార్డు మీద రాసి పంపితే ఆ పండుగ పూట వాళ్లకు కొండంత ఆసరా.

ఊరికే వచ్చిన అచ్చు కార్డులు

కొత్త సంవత్సరానికి ఎరువుల దుకాణాలు, బీమా ఏజెంట్లు, నగల షాపులు, ప్రైవేటు బడులు కార్డులు, క్యాలెండర్లు పంచుతాయి. వాటిని మళ్లీ వాడడం తప్పు కాదు. దుకాణం పేరు పెద్దగా అచ్చయి ఉంటే మాత్రం మీ పేరుతో పంపకండి. అందుకునేవాళ్లకు అది దుకాణం కార్డు అవుతుంది, మీది కాదు. బొమ్మ బాగుంటే ఆ భాగం కత్తిరించి తెల్ల అట్ట మీద అంటించి వెనక రాయండి. పాత పెళ్లి పత్రికల దళసరి కాగితం దీనికి బాగా పనికొస్తుంది. పిల్లలకు ఈ పని ఒక్క మధ్యాహ్నం అప్పగిస్తే ఇంటికి కావాల్సిన కార్డులన్నీ తయారవుతాయి. వాళ్ల అక్షరదోషాలు దిద్దకండి, తాతలు, అవ్వలు వాటికే మురిసిపోతారు.

దేవుడి బొమ్మ ఉన్న కార్డుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మనకు వేంకటేశ్వరుడి బొమ్మో లక్ష్మీదేవి బొమ్మో పంపడం శుభప్రదం అనిపిస్తుంది. కానీ అందుకున్న ఇంట్లో దాన్ని చెత్తబుట్టలో వేయలేరు, కాలికింద పడనివ్వలేరు, ప్రతి ఏడూ వచ్చేవాటిని గోడకు పెట్టలేరు. చివరికి సంచిలో కట్టి ఏ రావిచెట్టు మొదట్లోనో పెడతారు, లేదా మంజీర నదిలో వదిలి నీళ్లు పాడుచేస్తారు. ఇదీ బేరింగు ఖర్చే. పూజగదిలో పెట్టుకుంటారని తెలిసినవాళ్లకు తప్ప, చవక కాగితం మీద దేవుడి బొమ్మ పంపకపోవడమే మంచిది. బంతిపూలు, పాలపిట్ట, పొలం, ఏదైనా చాలు.

పెళ్లి పత్రిక శుభాకాంక్ష కాదు కానీ, ఇప్పుడు అదీ ఫోనులో ఊరికే పోతోంది కాబట్టి ఒక మాట. బొట్టు పెట్టి పిలవాల్సిన ఇళ్లకు బొట్టు పెట్టే పిలవాలి. దూరంలో ఉన్నవాళ్లకు ముందు ఫోన్ చేసి నోటితో పిలిచి, ఆ తరువాత పత్రిక పంపాలి. పత్రిక ముందు పోయి ఫోన్ వెనక పోతే, పిలుపు ఫోటోదే అవుతుంది.

ఫోనులో పంపేటప్పుడు

ఫార్వర్డు బొమ్మ వద్దని నేను చెప్పను. చదువు రాని అమ్మకు బంతిపూల బొమ్మే ఉత్తరం. బొమ్మ కింద ఆమె పేరో పిలుపో ఒక్కటి చేర్చండి, ఇంకా మంచిది మీ గొంతు రికార్డు చేసి పంపడం. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు కానీ గొంతు మెసేజ్ పోతుంది. నిజామాబాద్ జిల్లాలో గల్ఫ్‌కు పోయినవాళ్లున్న ఇళ్లు ఎన్నో, ఒకప్పుడు వాళ్లు క్యాసెట్లలో గొంతు నింపి సెలవు మీద వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. అరనిమిషం చాలు: ‘బాపూ, ఉగాది పచ్చడి తిన్నవా? నేను రూముల దోస్తులతోని చేసుకున్న, చింతపండు తక్కువైంది.’ అది విన్న తండ్రి దాన్ని పదిసార్లు వింటాడు.

వేళ చూసుకోండి. దుబాయ్, మస్కట్ మనకంటే గంటన్నర వెనక, సౌదీ, కువైట్, ఖతర్ రెండున్నర గంటల వెనక ఉంటాయి. మనం పొద్దున ఆరింటికి లేచి పంపే ఉగాది మెసేజ్ రియాద్‌లో మూడున్నరకు మోగుతుంది, అక్కడ అతను నాలుగున్నరకు లేచి బస్సెక్కాలి. ఇక్కడ కూడా అర్ధరాత్రి 12కు పుట్టినరోజు మెసేజులు ఈడువాళ్ల మధ్య సరే, పెద్దవాళ్లకు పొద్దున స్నానాలైన వేళకు పంపండి.

గ్రూపుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారు, వడ్ల కాంటా ఎక్కడ పెట్టారు అని చెప్పుకోవడానికి రైతులు పెట్టుకున్న గ్రూపులో దసరా నాడు ఎనభై బొమ్మలు పడితే అసలు కబురు అడుగున పడిపోతుంది. పని గ్రూపులో ఒక్కరు, సాధారణంగా గ్రూపు నడిపేవాళ్లు, అందరి తరఫున శుభాకాంక్ష చెబితే సరిపోతుంది. మిగతావాళ్లు బదులుగా మళ్లీ బొమ్మలు పెట్టనక్కర్లేదు. వాట్సాప్ సంస్థే 2018 జులైలో మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి అయిదు చోట్లకు మించి ఫార్వర్డు చేయకుండా కట్టడి పెట్టింది. అది పుకార్లను ఆపడానికి పెట్టిన హద్దే అయినా, శుభాకాంక్షలకూ మంచి కొలత. ఒక విడతకు అయిదుగురు. ఒక్కొక్కరి పేరు రాసుకుంటూ పోవడానికి ఆ మాత్రం తీరిక అందరికీ ఉంటుంది.

లింకులు అసలు పంపవద్దు. ‘ఇక్కడ నొక్కి మీ పేరుతో కార్డు చూడండి’ అనే ఉచిత కార్డులు చాలావరకు అవతలివాళ్ల వివరాలు రాబట్టడానికే పుట్టాయి. పెళ్లి పత్రిక పేరుతో ఏపీకే ఫైలు పంపి ఫోనును చేతిలోకి తీసుకొని బ్యాంకు డబ్బు ఊడ్చేసే మోసాల గురించి 2024 నుంచి పోలీసులు హెచ్చరిస్తున్నారు. మీ పేరు మీద వచ్చింది కదా అని నమ్మి మీ అత్తమ్మ నొక్కుతుంది, ఆమెకు మీ మీద ఉన్న నమ్మకమే దొంగకు దారి. బొమ్మగానో మాటగానో పంపండి. అలాంటి ఫైలు తెరిచి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఎవరైనా చెబితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించండి.

జవాబు

శుభాకాంక్షకు జవాబు రావాలని లెక్క పెట్టుకోకూడదు. ‘నేను పంపితే చూసి కూడా మాట్లాడలేదు’ అని మనసులో పెట్టుకుంటే మీరు పంపింది అప్పు అవుతుంది. రెండు నీలి గీతలు కనిపించినంత మాత్రాన అవతలి మనిషి తీరిగ్గా ఉన్నాడని కాదు, బీడీలు చుట్టే వేళ్లతో ఫోను తెరిచి చూసి పక్కన పెట్టి ఉండవచ్చు.

మీకు వచ్చినవాటికి మాత్రం, పేరు పెట్టి రాసినవాళ్లందరికీ జవాబు ఇవ్వండి. వాళ్లు రాసిన సంగతిలో ఒకదాన్ని అందుకొని ఒక్క వాక్యం రాస్తే చాలు. చేతి ఉత్తరం వస్తే మళ్లీ చేతి ఉత్తరమే రాయాలని లేదు, ఫోన్ చేసి ‘నీ కార్డు అందింది’ అని చెప్పినా పంపినవాళ్లకు నిండుగా ఉంటుంది. గంపగుత్త ఫార్వర్డుకు జవాబు ఇవ్వకపోయినా అమర్యాద కాదు.

చివరగా, నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న. రోజూ పొద్దున్నే నాలుగైదు బొమ్మలు పంపే పెద్దనాయనకు వద్దని ఎలా చెప్పాలి? వద్దని చెప్పకండి. ఆయనకు ఫోను చేతికొచ్చాక దొరికిన ఒకే ఒక్క పలకరింపు అది, నేను బాగున్నాను అని చెప్పుకునే పద్ధతి అది. ‘పెద్దనాయనా, నీ ఫోటోలు చూస్తున్న. నీ గొంతు వింటే ఇంకా మంచిగనిపిస్తది. ఐతారం పొద్దున నేనే ఫోన్ చేస్త’ అని రాయండి. ఐతారం ఎనిమిదింటికి, ఆయన చాయ్ తాగి వాకిట్లో కూర్చునే వేళకు, తప్పకుండా చేయండి. కొన్ని వారాలకు బొమ్మలు తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. తగ్గకపోతే వాట్సాప్‌లో ఆయన పేరు మీద నొక్కి, వచ్చిన బొమ్మలు గ్యాలరీలో చేరకుండా ఆపే సౌకర్యం వాడుకోండి. ఐతారం ఫోను మాత్రం మానకండి.